సముద్ర నక్షత్రానికి మంచినీళ్ళు

కర్నూలు నుంచి సముద్రం చూడాలంటే ఏ వైపు బయల్దేరినా ఒక పూటంతా బస్సులో కూర్చుని నడుములు విరగ్గొట్టుకోవాలి. అలాంటి ఊళ్ళో ఉండి నేను పాతికేళ్ళకు పైగా సముద్రంలో బతికే వెన్నెముక లేని జీవాల గురించి పాఠాలు చెబుతున్నాను. స్పంజికలు, జెల్లీ చేపలు, పీతలు, నత్తలు, సముద్ర నక్షత్రాలు. మా డిగ్రీ కాలేజీలో జువాలజీ తీసుకున్న పిల్లలకు మొదటి సంవత్సరం సిలబస్సు దాదాపు ఇదే. ఎండాకాలం తుంగభద్రలో ఇసుక తప్ప ఏమీ చూడని పిల్లలు, ట్యాంకరు వస్తే బిందెలు పట్టుకుని పరిగెత్తే వీధుల నుంచి వచ్చిన పిల్లలు, పగడపు దిబ్బల మీద ఏ జీవి ఏ వర్గానికి చెందుతుందో బట్టీపట్టి పరీక్ష రాసేవాళ్ళు. చెప్పే నాకు మాత్రం అంతకన్నా ఏం తెలుసు. కోయిలకుంట్ల దగ్గర పొలం పనులు చేసుకునే ఇంట్లో పుట్టినదాన్ని. ఎమ్మెస్సీ చదివేటప్పుడు ఒకసారి చెన్నై వెళ్ళి, అల వచ్చి కాళ్ళు తడిపితే కెవ్వుమని వెనక్కి పరిగెత్తాను. నాకూ సముద్రానికీ ఉన్న పరిచయం అంతే.

మాకున్న సముద్రమల్లా మ్యూజియం గదిలో ఉండేది. వరండా చివర, ఉత్తరం వైపు ఒక పొడుగాటి గది. గోడల్లోకి కడప బండలు దించి అరలు కట్టారు. ఎంత మండే ఎండలోనైనా ఆ నల్లటి బండల మీద చెయ్యి పెడితే చల్లగా ఉండేది. ఆ అరల నిండా గాజు సీసాలు, సీసాల్లో ఫార్మలిన్, ఫార్మలిన్‌లో జీవాలు. తలుపు తీయగానే ఆ ఘాటు కళ్ళలో కొట్టేది. కొత్తగా చేరిన పిల్లలు ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకునేవాళ్ళు. దసరా సెలవుల నాటికి అలవాటు పడి అక్కడే కూర్చుని క్యారియర్లు విప్పేవాళ్ళు. ఇప్పటికీ ఆసుపత్రుల్లో ఎక్కడైనా ఆ వాసన తగిలితే నాకు భయం వేయదు. ఉద్యోగంలో చేరిన తొలి రోజులు గుర్తొచ్చి హాయిగా ఉంటుంది. చెబితే మా ఇంట్లో వాళ్ళు నవ్వుతారు.

ఆ గదిని చూసుకునే అటెండరును మేమందరం అన్న అనేవాళ్ళం. పత్తికొండ అవతల పల్లె ఆయనది. ఐదో తరగతి వరకు చదివాడట. నేను చేరేనాటికే ఆయన చేతిలో ఆ సీసాలు చాలా ఏళ్ళుగా ఉన్నాయి. ప్రతి సోమవారం ఒక్కొక్క సీసా దించి, తుడిచి, ఫార్మలిన్ ఎంత తగ్గిందో చూసి, తగ్గినంత పోసి, మూత చుట్టూ కరిగించిన మైనం పూసి మళ్ళీ పైన పెట్టేవాడు. సీసాలో జీవిని బయటికి తీయాల్సి వస్తే రెండు అరచేతుల్లోకి తీసుకునేవాడు. ఇంగ్లీషు లేబుళ్ళు చదవడం రాదు. ఏ జీవి ఏదో చూపుతోనే తెలుసు.

మా ఇద్దరికీ మొదట గొడవ వచ్చింది ఈ అరల దగ్గరే. ఆయన తన పద్ధతిలో సర్దిపెట్టాడు. గట్టి పెంకులవి ఒక అర, ముళ్ళవి ఒక అర, మెత్తనివి ఒక అర, పురుగుల్లాంటివి అడుగున. నేనేమో కొత్త లెక్చరర్ని. నోరు కొంచెం దురుసు. పుస్తకంలో ఉన్న వర్గాల ప్రకారం సర్దాల్సిందేనని పట్టుబట్టాను. సముద్ర దోసకాయ అనే మెత్తటి జీవి సీసా దగ్గర ఆయన ఆగిపోయాడు.

"ఏం మేడం, మెత్తగా వంకాయ లెక్క ఉండాది ఇది. దీన్ని తీసకపోయి ఆ ముళ్ళదాని పక్కన పెట్టల్లంటారా? ఏం సుట్టరికం దానికీ దీనికీ?"

నాకు కోపం వచ్చింది. వచ్చినా ఆ ప్రశ్న నచ్చింది. సీసా దింపించి చూపించాను. సముద్ర నక్షత్రానికి ఐదు చేతులు. ముళ్ళ ఉండలా ఉండే సముద్ర అర్చిన్ ముళ్ళు రాలిపోతే పెంకు మీద ఐదు చారలు. దోసకాయకు కూడా ఒంటి పొడుగునా ఐదు వరుసల్లో సన్నటి కాళ్ళు. పైకి ఎలా ఉన్నా లోపలి లెక్క ఐదే, అందుకే ఇవన్నీ ఒకే వర్గం అన్నాను. ఆయన దోసకాయను అటూ ఇటూ తిప్పి, వేలితో ఒక్కో వరుస తాకుతూ లెక్కపెట్టుకున్నాడు. రెండుసార్లు లెక్కపెట్టాడు. తర్వాత తీసుకెళ్ళి ముళ్ళదాని పక్కన పెట్టాడు.

ఆ రోజు నుంచి ఆయనకు ఇదొక పిచ్చి పట్టుకుంది. నేను పాఠం చెబుతుంటే తలుపు పక్కన గుడ్డ పట్టుకుని నిలబడేవాడు. రాళ్ళకు సున్నపు గుల్లలా అతుక్కుపోయే బార్నకిల్‌ నత్తల జాతి కాదు, రొయ్యా పీతల బంధువు అని చెప్పిన రోజు, క్లాసు అయిపోయాక నా వెనకే వచ్చాడు. "కాళ్ళు యాడుండాయి మేడం దానికి?" అని అడిగాడు. లోపల తలకిందులుగా పడుకుని కాళ్ళు పైకి ఆడిస్తూ తిండి పట్టుకుంటుందని చెప్పాను. రెండు రోజుల పాటు పిల్లల్ని పిలిచి పిలిచి ఆ సంగతి చెప్పాడు. ప్రాక్టికల్ పరీక్షల ముందు పిల్లలు నా దగ్గరికి రావడం మానేసి ఆయన చుట్టూ మూగేవాళ్ళు. నా నోట్సు చూసి చదివిన పిల్ల తడబడేది. ఆయన దగ్గర నేర్చుకున్న పిల్ల సీసా చూడగానే చెప్పేసేది. నాకు లోలోపల కొంచెం కుళ్ళుగానే ఉండేది. ఇప్పుడు దాచుకోవడం దేనికి.

ఆయనకు ఒకటే కోరిక ఉండేది. ఇంకో ఏడాదిలో రిటైరవుతాడనగా ఒక సోమవారం మైనం కరిగిస్తూ నాతో చెప్పాడు.

"ఇన్ని సంవత్సరాలు సచ్చినవాటికే సేవ చేసినా మేడం. పానంతో ఉండేదాన్ని ఒక్కసారి సూడల్ల. పోయేలోగా ఒక్కదాన్నన్నా సేత్తో తాకల్ల."

ఆ మాట విని నేను ఊరుకోలేకపోయాను. ప్రిన్సిపాల్ గదికి నాలుగుసార్లు తిరిగి స్టడీ టూరుకు అనుమతి తెచ్చాను. సామాన్లు చూసుకోవడానికి మనిషి కావాలని చెప్పి ఆయన పేరు కూడా రాయించాను. ఎక్కడికి వెళ్ళాలనే దాంట్లో కొంచెం తెలివి వాడాను. ఆడపిల్లల్ని సముద్రానికి తీసుకెళ్తామంటే మా వైపు ఏ తండ్రీ ఒప్పుకోడు. రామేశ్వరం అంటే ఎవరూ కాదనరు. అది ఎటూ ద్వీపమే, చుట్టూ పగడపు రాళ్ళే. అందుకని తల్లిదండ్రులకు రాసిన ఉత్తరంలో పైన స్వామి దర్శనం, తీర్థాల స్నానం పెద్ద అక్షరాలతో రాసి, కింద సముద్ర జీవుల పరిశీలన అని చిన్నగా రాశాను. అందరూ సంతకం పెట్టారు. ఒకామె అయితే తన పేరు చెప్పి కూడా ఒక టెంకాయ కొట్టించమని ఉత్తరంలోనే రాసింది.

ఆ ప్రయాణం తలచుకుంటే ఇప్పటికీ నాకు ప్రాణం లేచొస్తుంది. నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరు మీదుగా బస్సు. కడపలో ఆపి పిల్లలు కారం దోసెలు తిన్నారు. నోరు మండుతున్నా ఇంకొకటి కావాలన్నారు. తిరుపతిలో రైలెక్కాం. ప్రతి పిల్లా ఇంటి నుంచి రెండు మూడు సీసాల నీళ్ళు తెచ్చుకుంది. అవి చాలవని నేను ఐదు లీటర్ల క్యాన్లు ఆరు తీసుకున్నాను. ఊరు దాటితే మొదట నీళ్ళు కట్టుకోవడం మాకు పుట్టుకతో వచ్చిన అలవాటు. బట్టలు మరిచిపోతామేమో గాని నీళ్ళు మరిచిపోము. అన్న ఆ క్యాన్లను తన సీటు కింద పెట్టుకుని ఎవరూ వృథా చేయకుండా కాపలా కాశాడు. పాంబన్ వంతెన మీద రైలు నెమ్మదిగా పోతుంటే పిల్లలంతా కిటికీల దగ్గర చేరి కేకలు వేశారు. ఆయన మాత్రం తలుపు దగ్గర కడ్డీ పట్టుకుని నిలబడి కిందికి చూస్తూ, "ఇన్ని నీళ్ళా" అన్నాడు. ఎవరితోనూ కాదు, తనలో తను.

మర్నాడు దర్శనం అయ్యాక, ఆ మరుసటి ఉదయం ఒడ్డుకు వెళ్ళాం. ఒక జాలరి మాకు తోడు వచ్చాడు. ఆయనది తమిళం, మాది తెలుగు, సైగలతోనే నడిచింది. నీళ్ళు వెనక్కి తగ్గి రాళ్ళు బయటపడ్డాయి. అక్కడి నుంచి గవ్వ కూడా పట్టుకెళ్ళకూడదు. అది నాకు తెలుసు. కాసేపు తొట్టిలో సముద్రపు నీళ్ళలో ఉంచి, చూసి, బొమ్మ గీసుకుని, ఎక్కడివి అక్కడ వదిలేద్దామని నేనే నిర్ణయించాను. జాలరి ఒక్కొక్కటే తెచ్చి తొట్టిలో వదిలి, తన పని చూసుకోవడానికి పడవ వైపు వెళ్ళిపోయాడు.

అప్పుడు తెలిసింది మా చదువు ఎంతటిదో. పిల్లలు తొట్టి చుట్టూ చేరి తెల్లముఖం వేశారు. ఒక్కదాన్నీ ఎవరూ గుర్తుపట్టలేదు. ఫార్మలిన్‌లో ఏళ్ళ తరబడి ఉంటే ఏ జీవికైనా రంగు పోతుంది. మా మ్యూజియంలో నక్షత్రం, దోసకాయ, పీత, అన్నీ పాత కాగితం రంగులోనే ఉండేవి. మేము ప్రపంచంలోని సముద్ర జీవాలన్నీ ఆ పాలిపోయిన పసుపులోనే ఉంటాయనుకుని పెరిగినవాళ్ళం. ఇక్కడ నక్షత్రం బూడిద రంగు ఒంటి మీద ఎర్రటి బుడిపెలతో మెరుస్తోంది. ముట్టుకుంటే చేతులు విరిగిపోయే పెళుసు నక్షత్రం నల్లగా, పాములాంటి చేతులు ఆడిస్తూ రాయి కిందికి దూరుతోంది. సముద్ర దోసకాయ నల్లగా, బరువుగా, ఒంటికి ఇసుక అంటించుకుని ఉంది. పాఠం చెప్పేదాన్ని, నేనూ పిల్లల ముందు తడుముకున్నాను.

అన్న తడుముకోలేదు. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి తొట్టి పక్కన కూర్చుని రెండు చేతులూ నీళ్ళలో పెట్టాడు. చూపుతో కాదు, చేతులతో గుర్తుపట్టాడు. దోసకాయను తిప్పి, "లెక్కపెట్టండి, ఐదు" అన్నాడు. రాయి మీద గుల్లలు చూపించి, "ఇది పీత సుట్టం. కాళ్ళు లోపలుండాయి, సూస్తాండండి" అన్నాడు. ఆ రాయిని నీళ్ళలో ముంచి పెట్టాడు. కాసేపటికి గుల్ల నోరు తెరుచుకుని సన్నటి ఈకలాంటి కాళ్ళు బయటికి వచ్చి నీళ్ళను దువ్వడం మొదలుపెట్టాయి. పిల్లలు మోకాళ్ళ మీద కూర్చుని ఊపిరి బిగబట్టి చూశారు. శంఖంలో కాపురం పెట్టిన పీతను చూపించి, శంఖం నత్తల వర్గం, అందులో బాడిగకున్నది కీళ్ళ కాళ్ళ వర్గం, రెంటినీ కలిపి రాస్తే మార్కులు పోతాయన్నాడు. ముప్పై మంది పిల్లలూ ఆయన నోటి వైపే చూస్తున్నారు. నన్ను ఎవరూ చూడటం లేదు.

ఎండ ముదిరింది. బొమ్మలు గీయడానికి తొట్టిని రాళ్ళ దగ్గర నుంచి తాటిచెట్టు నీడకు మోయించాను. నీళ్ళు తొణికి సగానికి సగం తగ్గాయి. పిల్లలు ఒకసారి చూసుకుని, కాస్త ఎడంగా కూర్చుని తలలు వంచి గీసుకుంటున్నారు. నక్షత్రం చేతుల కొసలు వంకర తిరుగుతున్నట్టు కనిపించింది. పాపం అనిపించింది. సముద్రం యాభై అడుగుల దూరంలోనే ఉంది, కాని మధ్యలో కాళ్ళు కోసే రాళ్ళు. నా పక్కనే మంచినీళ్ళ క్యాన్లు రెండు ఉన్నాయి. ఎండకు ఏ జీవి అల్లాడుతున్నా, కుక్కయినా పిచ్చుకైనా, మావైపు మనిషి చెయ్యి ముందు నీళ్ళ వైపే పోతుంది. ఇంట్లో ఉన్నవాటిలో మంచి నీళ్ళే పోస్తాం. నేనేమీ ఆలోచించలేదు.

"అన్నా, ఆ క్యాన్ తీసి వాటికి నీళ్ళు పోయండి" అన్నాను.

ఆయన నా ముఖంలోకి చూశాడు. "ఈ మంచినీళ్ళా మేడం?" అన్నాడు.

"అవునన్నా. తొందరగా పోయండి, ఎండకు చస్తున్నాయి" అని, నేను పిల్లల పుస్తకాలు దిద్దడానికి వెళ్ళిపోయాను. ఆయన ఒకటి తర్వాత ఒకటి రెండు క్యాన్లూ పోశాడు.

అరగంట కాలేదు. ముందు దోసకాయ తన పేగులు తానే బయటికి కక్కింది. పెళుసు నక్షత్రం చేతులు విరిగి వేరయ్యాయి. పెద్ద నక్షత్రం తడిసిన గుడ్డలా మెత్తబడిపోయింది. శంఖంలో పీత ఒక్కటే తట్టుకుంది. పిల్లలు కంగారుపడ్డారు. ముందు వరసలో కూర్చునే ఒక అమ్మాయి తొట్టిలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది.

"చప్పగా ఉండాయి మేడం. ఉప్పునీళ్ళ జీవాలకు మంచినీళ్ళు పోస్తే నీళ్ళు ఒంట్లోకి దూరి చచ్చిపోతాయని మీరే చెప్పినారు గదా. ఎవరు పోసినారు?"

అదే నేను ప్రతి ఏడూ బోర్డు మీద గీసి చెప్పే పాఠం. సముద్ర నక్షత్రం ఒంట్లో నీళ్ళూ బయటి నీళ్ళూ ఒకే ఉప్పుదనంతో ఉంటాయి, ఆ ఉప్పు తగ్గితే అది తట్టుకోలేదు. మార్చి పరీక్షలో తప్పకుండా వచ్చే ప్రశ్న. నేను నోరు తెరిచే లోపలే అన్న, "నేనే పోసినానమ్మా" అన్నాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. నేను ఆగలేదు. ముప్పై జతల కళ్ళు మా మీద ఉన్నాయి. పొద్దున్నుంచి ఆయన ముందు నేను చిన్నబోయిన సంగతీ మనసులో ఉంది. నా నోటి నుంచి ఈ మాట వచ్చింది.

"నన్ను అడక్కుండా ఎందుకు పోశారన్నా?"

ఆయన తల వంచుకున్నాడు. "తప్పయింది మేడం" అన్నాడు. తర్వాత తొట్టి ఎత్తుకుని ఆ రాళ్ళ మీద ఒట్టికాళ్ళతో నడిచి వెళ్ళి అన్నిటినీ సముద్రంలో వదిలి, అక్కడే చాలాసేపు వంగి చూస్తూ ఉండిపోయాడు. ఆ పీత తప్ప ఒక్కటీ కదల్లేదు.

తిరుగు ప్రయాణంలో పిల్లలు ఆయన దగ్గరికి వెళ్ళలేదు. కొందరు, పాపం చదువుకోలేదు కదా, ఆయనకేం తెలుసు అన్నారు. ఆ జాలి విన్నప్పుడు నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. అయినా ఎత్తాను. కర్నూలు వచ్చేశాం. మే నెలలో ఆయన రిటైరయ్యాడు. శాలువా కప్పి దండ వేశాం. నేను మైకు ముందు నిలబడి ఆయన సేవల గురించి బాగా మాట్లాడాను. ఆ రోజైనా నిజం చెబుదామని ఇంటి దగ్గర అనుకుని వెళ్ళాను, చెప్పలేదు. ఆయన పల్లెకు వెళ్ళిపోయాడు. కొత్తగా వచ్చిన మనిషి సోమవారాలు పట్టించుకోలేదు. సీసాల్లో ఫార్మలిన్ ఆరిపోయి రెండేళ్ళలో సగం జీవాలు నల్లగా ఎండిపోయాయి.

అంతకన్నా సిగ్గుమాలిన సంగతి ఇంకోటి ఉంది. ఆ పాఠం వచ్చినప్పుడల్లా నేను ఈ కథ చెప్పేదాన్ని. మా అటెండరు ఒకాయన ఉండేవాడు, రామేశ్వరంలో సముద్ర నక్షత్రానికి దాహమేసిందని మంచినీళ్ళు పోశాడు అని. క్లాసంతా నవ్వేది. పాఠం బాగా గుర్తుండిపోయేది. ఆ ప్రశ్నకు మా పిల్లలకు మార్కులు కూడా బాగా వచ్చేవి. ఏటా చెప్పి చెప్పి, జరిగింది అదేనని నాకే నమ్మకం కుదిరిపోయినట్టుంది. అలా దాదాపు పదేళ్ళు గడిచాయి.

నిరుడు మొదటి సంవత్సరం క్లాసులో అదే కథ చెప్పాను. అందరూ నవ్వారు. గంట కొట్టాక రెండో బెంచీలో కూర్చునే ఒక అమ్మాయి ఆగింది. సన్నగా, రెండు జడలతో ఉంటుంది, ఎక్కువ మాట్లాడదు.

"మేడం, ఆ అటెండరు మా తాత. మా అమ్మకు నాయన" అంది.

ఆ పిల్ల ముఖంలో కోపం లేదు. ఏదో పోగొట్టుకున్నట్టు ఉంది.

"మా తాత గూడా ఈ సంగతి చెప్తాంటాడు మేడం. నేనే పోసినా, తప్పు చేసినా అంటాడు. మేడం నన్ను పల్లెత్తు మాట అన్లేదు అంటాడు. కాని ఎందుకు పోసినాడో చెప్పడు. మా తాతకు సముద్రం గురించి శానా తెల్సు అనుకొనింటిమి. నేను జువాలజీ తీసుకునిందే ఆయన్ని సూసి. ఇంత చిన్న సంగతి గూడా తెల్దా మేడం ఆయనకు?"

నేను ఏదో గొణిగాను. ఏం గొణిగానో గుర్తు లేదు. ఆ ఆదివారం పత్తికొండ బస్సెక్కాను.

ఆయన ఇంటి ముందు నులక మంచం మీద కూర్చుని వేరుశనగ బుడ్డలు వలుస్తున్నాడు. జుట్టంతా తెల్లబడింది. నన్ను చూసి లేవబోతే వద్దని పక్కనే కూర్చున్నాను. ఊరి సంగతులు, వానల సంగతులు అయ్యాయి. మ్యూజియం సీసాల గురించి అడిగాడు. బాగానే ఉన్నాయన్నాను. ఇంకో అబద్ధం. ఇక ఉండబట్టలేక చెప్పేశాను.

"అన్నా, ఆ రోజు పోయమన్నది నేను. పిల్లల ముందర మీ మీదకు తోసేశాను. ఇన్నేళ్ళూ క్లాసులో చెప్పి నవ్వించాను."

"తెల్సు మేడం. పాప సెప్పినాది" అన్నాడు, మనవరాలిని ఉద్దేశించి. చేతిలో కాయ చిట్లించి గింజలు చాటలో వేశాడు.

"కోపం రాలేదా?"

"వచ్చినాది. రాలేదని యాల అబద్దం సెప్పల్ల." మరో కాయ తీసుకున్నాడు గాని వలవలేదు. "అయితే మీరనుకునేది గాదు మేడం. మంచినీళ్ళు పోస్తే అవి సస్తాయని నాకు తెల్సు. మీ పాఠం ఎన్నిసార్లు ఇనింటా నేను, తలుపుకాడ నిలబడి. అందుకే అడిగినా, ఈ మంచినీళ్ళా అని. మీరు అవునంటిరి. వాదన పెట్టుకుంటే పిల్లోళ్ళందరికీ ఇనపడతాది. పొద్దున్నించి వాళ్ళు నా ఎంబడే ఉండారని మీ మొగం సిన్నబోయినాది, అదీ సూస్తాండా. ఇంగ అటెండరు లేసి, మేడం మీరు తప్పు సెప్తాండారు అంటే మీ మర్యాద ఏమైతాది. అందుకని పోసినా."

వాళ్ళ కోడి ఒకటి వచ్చి చాట పక్కన రాలిన గింజ ముక్కలు ఏరుకుని పోయింది.

"ఆ పెద్ద నచ్చత్రం నా ఏలు పట్టుకోనుండె మేడం" అన్నాడు. "కింద పక్క సన్న సన్న కాళ్ళుంటాయి గదా, వాటితో. సీసాల్లో వాటికి ఎప్పుడూ పట్టు లేకుండె. అది అట్ల పట్టుకోనుండంగనే ఇంగో సేత్తో పోసినా. కొంచేపటికి వదిలేసినాది."

చేతి వేళ్ళ వైపు చూసుకున్నాడు. నాకు ఏడుపు వచ్చింది. ఏడ్చాను. ఆయన వద్దనలేదు, ఓదార్చలేదు. లేచి వచ్చేటప్పుడు మాత్రం వీధి మలుపు దాకా నాతో నడిచి వచ్చి ఒక్క మాట అడిగాడు.

"ఎవురికి సెప్పినా సెప్పకపోయినా, మా పాపకు మటుకు సెప్పండి మేడం. మీ తాతకు తెల్సు అని. నేను సెప్తే తప్పు సమాళించుకుంటాండానని అనుకుంటాది. మీరు సెప్తే నమ్ముతాది. ఆ పిల్ల కాడ తక్కువైపోతినే అని అదొక్కటే నాకు."

సోమవారం క్లాసులో ఆ పాఠం మళ్ళీ తీశాను. అయిపోయిన పాఠమే కదా మేడం అన్నారు పిల్లలు. నేను తప్పు చెప్పాను, దిద్దుకోవాలి అన్నాను. నీళ్ళు పోయమన్నది నేను, పోస్తే చస్తాయన్న సంగతి నాకు గుర్తుకు రాలేదు అని చెప్పాను. ఆయనకు తెలుసు, నన్ను ఆపడానికి అడిగి కూడా చూశాడు, నేను వినలేదు అన్నాను. పిల్లలడిగితే ఆయన మీదకు తోశాననీ, ఆ తర్వాత ఇన్నేళ్ళూ ఇక్కడే నిలబడి నవ్వించాననీ చెప్పాను. ఆయన ఎవరి తాతో తెలిసిన కొందరు రెండో బెంచీ వైపు చూశారు, కొందరు నా వైపు చూడలేక కిటికీలోంచి బయటికి చూశారు.

ఆ అమ్మాయి లేచి నిలబడింది.

"మా తాతకు తెల్సు అనేది ఇంగొకసారి చెప్పండి మేడం" అంది.

చెప్పాను.